బోగీని చూసి ఎలక్ట్రిక్ గూడ్సు ఇంజనును గుర్తుపట్టడం ఎలా

గూడ్సు బండి వస్తుంటే ఫ్లాట్‌ఫారం మీద నిలబడినవారి చూపు సాధారణంగా ఇంజను ముఖం మీద, దాని రంగు మీద, పైన తీగను తాకుతున్న పాంటోగ్రాఫ్ మీద నిలుస్తుంది. ఆ ఇంజను ఏ తరానిదో, ఎంత బరువు లాగగలదో, దాన్ని అలాగే ఎందుకు కట్టారో తెలుసుకోవాలంటే మాత్రం చూపును కిందికి దించి చక్రాల మధ్యకు పంపాలి. ట్రాన్స్‌ఫార్మరు, మోటార్లు కలిసి ఎన్ని వేల హార్స్‌పవర్లు పుట్టించినా అదంతా చివరికి ఒక్కో చక్రం పట్టాను తాకే సుమారు చదరపు సెంటీమీటరు చోటు గుండానే రేకుకు, అంటే ఇంజను వెనక కట్టిన వ్యాగన్ల వరుసకు, చేరాలి. అక్కడ పట్టు తప్పిందంటే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, పట్టా అరుగుతుంది, బండి కదలదు. మన దేశంలో విద్యుత్ సరుకు ఇంజన్ల చరిత్రను నేను ప్రధానంగా ఈ పట్టు కోసం సాగిన ప్రయత్నంగానే చూస్తాను. ఆ ప్రయత్నం ఆనవాళ్లు బోగీ మీద కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించవు.

ఈ వ్యాసంలో బోగీ అంటే ప్రయాణికులు కూర్చునే పెట్టె కాదు. ఇంజను శరీరం కింద ఉండి, ఇరుసులను, చక్రాలను, మోటార్లను, స్ప్రింగులను ఒక్కటిగా పట్టి ఉంచి, వంపుల్లో శరీరంతో సంబంధం లేకుండా తాను కొంత తిరగగలిగే ఉక్కు చట్రాన్నే ఇక్కడ బోగీ అంటున్నాం.

ఎక్కడ నిలబడి చూడాలి

ఫ్లాట్‌ఫారం చివరి భాగం, మూసివున్న లెవెల్ క్రాసింగ్ గేటుకు ఇవతలి వైపు, పాదచారుల వంతెన మెట్లు, ఈ మూడూ చాలు. ఫ్లాట్‌ఫారం పక్క లైనులో నిలిచిన ఇంజను అంచు మాటున దాక్కుంటుంది కాబట్టి దాని బోగీ సగమే కనబడుతుంది. ఒక లైను అవతల నిలిచిన ఇంజను అయితే చక్రాల అడుగు దాకా కనబడుతుంది. మరింత దగ్గరగా చూడాలని పట్టాల మీదికి దిగడం, ఆగివున్న వ్యాగన్ ఎక్కడం చేయకూడదు. పైనున్న తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ఉంటుంది, దాన్ని తాకనవసరం లేదు, దగ్గరికి వెళ్లినా ప్రాణం పోతుంది. ఫొటో కోసం పొడవాటి కర్రకు ఫోను తగిలించి పైకి ఎత్తడం కూడా ఇందులోకే వస్తుంది.

పేరునూ నంబరునూ విడదీయండి

ఇంజను పక్కన, ముందు రాసివుండే పేరులో ముందుగా మూడు అక్షరాలు ఉంటాయి. మొదటిది డబ్ల్యూ అయితే 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజిది. రెండోది ఏ అయితే ఏసీ, సి అయితే డీసీ, డి అయితే డీజిల్. మూడోది జి అయితే సరుకు రవాణాకు, పి అయితే ప్రయాణికుల బళ్లకు, ఎం అయితే రెంటికీ ఉద్దేశించినది. ఆ తర్వాతి అంకె నమూనా వరుసను చెబుతుంది. కనుక డబ్ల్యూఏజీ-9 అంటే బ్రాడ్ గేజి మీద ఏసీ విద్యుత్తుతో నడిచే సరుకు ఇంజన్లలో తొమ్మిదో నమూనా.

దూరం నుంచి పేరు కనబడకపోయినా ఐదంకెల నంబరు తరచుగా కనబడుతుంది. 23 వేల వరుసలో ఉంటే డబ్ల్యూఏజీ-5, 27, 28 వేల వరుసల్లో ఉంటే డబ్ల్యూఏజీ-7, 31, 32, 33 వేల వరుసల్లో ఉంటే డబ్ల్యూఏజీ-9, 60 వేల వరుసలో ఉంటే డబ్ల్యూఏజీ-12 అని మొదటి అంచనా వేసుకోవచ్చు. ఆ పక్కనే ఇంజను ఏ షెడ్డుదో చెప్పే ఇంగ్లీషు పొడి అక్షరాలుంటాయి: బి.జెడ్.ఏ. అంటే విజయవాడ, కె.జెడ్.జె. అంటే కాజీపేట, ఎల్.జి.డి. అంటే లాలాగూడ, జి.వై. అంటే గుత్తి, వి.ఎస్.కె.పి. అంటే విశాఖపట్నం. రంగును మాత్రం నమ్మవద్దు. షెడ్డు మారినప్పుడో, పెద్ద మరమ్మతు జరిగినప్పుడో, ప్రకటనల స్టిక్కర్లు అంటించినప్పుడో అది మారిపోతుంది. అలాగే సరుకు ఇంజనుగా కట్టినది ప్రయాణికుల బండిని లాగుతూ కనిపించడం మన దగ్గర రోజూ జరిగేదే.

ఇరుసులు లెక్కపెట్టండి

ఇంజను ఒక పక్కన ఎన్ని చక్రాలున్నాయో, అవి ఏ గుంపులుగా ఉన్నాయో చూడండి. మూడూ మూడుగా ఉంటే దాన్ని కో-కో అంటారు. రెండూ రెండుగా ఉంటే బో-బో గానీ, బి-బి గానీ. ‘ఓ’ చేర్చి చెబితే ప్రతి ఇరుసుకూ సొంత మోటారు ఉందని, చేర్చకపోతే ఆ బోగీలోని ఇరుసులు గేర్లతోనో కడ్డీలతోనో ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని అర్థం. ఈ చిన్న తేడా వెనక పెద్ద చరిత్రే ఉంది.

మన దేశంలో తొలి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి వి.టి. నుంచి కుర్లా వరకు 1,500 వోల్టుల డీసీ మీద నడిచింది. ఆ దశాబ్దం ముగిసేలోగా విద్యుత్తు పశ్చిమ కనుమల ఘాట్ల మీదుగా పుణే, ఇగత్‌పురి దాకా పాకింది. 37 అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే ఆ ఎక్కుడుల మీద సరుకు లాగడానికి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే తెప్పించిన ఇంజనును తర్వాత డబ్ల్యూసీజీ-1 అన్నారు. ముందూ వెనకా పొడుగాటి ముక్కులు, మధ్యలో గది ఉండి, వంపుల్లో ఒళ్లు విరుచుకుంటూ వెళ్లే ఆ రూపానికి జనం ‘మొసలి’ అని పేరు పెట్టారు. స్విట్జర్లాండులోని వింటర్‌తూర్ కర్మాగారం దాన్ని రూపుదిద్దింది. ఆల్ప్స్ కొండల్లో గోథార్డు లైను మీద అప్పటికే తిరుగుతున్న స్విస్ మొసళ్లకు ఇది దగ్గరి బంధువు. ఒక్కొక్కటి 650 హార్స్‌పవరున్న నాలుగు మోటార్లు మొత్తం 2,600 హార్స్‌పవరు ఇచ్చేవి. ఆ మోటార్లు నేరుగా ఇరుసులకు కాక ఒక మధ్య ఇరుసుకు శక్తినిచ్చి, అక్కడి నుంచి ఆవిరి ఇంజన్లలోలాగా బయటి కడ్డీల ద్వారా మూడు జతల చక్రాలనూ తిప్పేవి. కడ్డీతో ముడిపడినందువల్ల ఒక జత చక్రాలు తేలికపడినా అవి ఒంటిగా జారలేవు, మిగతా రెండు జతలు వాటిని పట్టి ఉంచుతాయి. అంతే కాదు, దిగుడులో ఈ ఇంజను తన మోటార్లనే జనరేటర్లుగా మార్చి తీగకు విద్యుత్తును తిరిగి ఇచ్చేది. వీటిలో ఒకటి ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో, మరొకటి ముంబైలోని నెహ్రూ సైన్స్ సెంటరులో ఉన్నాయి. బోగీల గురించి నేర్చుకోవాలనుకునేవారికి ఢిల్లీ మ్యూజియాన్నే నేను ముందు చెబుతాను, ఎందుకంటే అక్కడ ఆగివున్న ఇంజను చుట్టూ తీరిగ్గా తిరిగి కడ్డీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలుపెట్టి చూపించుకోవచ్చు.

1950ల చివర భారతీయ రైల్వే ఫ్రెంచి రైల్వేల సలహాతో 25 వేల వోల్టుల ఏసీకి మారింది. ఆ దారిలో వచ్చిన తొలి సరుకు ఇంజను డబ్ల్యూఏజీ-1. పశ్చిమ బెంగాలులోని చిత్తరంజన్ కర్మాగారం కట్టిన మొదటి ఏసీ ఇంజను ఇదే. 1963 నవంబరులో బయటికి వచ్చిన దానికి ‘బిధాన్’ అని పేరు పెట్టారు. ఇది నాలుగు ఇరుసుల బి-బి ఇంజను, బరువు సుమారు 85 టన్నులు, శక్తి సుమారు 2,900 హార్స్‌పవరు. కడ్డీల బదులు ఇక్కడ లోపలి గేర్లు ఇరుసులను ముడివేశాయి. సూత్రం మాత్రం మొసలిదే. జపాను నుంచి వచ్చిన డబ్ల్యూఏజీ-2, తర్వాతి డబ్ల్యూఏజీ-3, డబ్ల్యూఏజీ-4 కూడా ఈ బి-బి కుటుంబానివే. ఇవేవీ నేడు లైను మీద కనబడవు. కాబట్టి ఇప్పుడు మీరు ఫ్లాట్‌ఫారం నుంచి చూసే సరుకు ఇంజను దాదాపుగా కో-కో అయినా అయివుంటుంది, లేదా రెండు బో-బోలు జతచేసిన డబ్ల్యూఏజీ-12 అయినా అయివుంటుంది.

స్ప్రింగులు ఎక్కడున్నాయో చూడండి

ఆరు ఇరుసుల ఇంజన్లలో ఏది ఏ తరానిదో తేల్చే పని స్ప్రింగులది. ఈ ఒక్క మెట్టు బాగా వస్తే మిగతావన్నీ సులువు.

చక్రానికీ చక్రానికీ మధ్య దూరాలు రెండూ సమానంగా లేకుండా, స్ప్రింగులు ఇరుసు పెట్టెల (ఇరుసు చివరలను పట్టి ఉంచే డబ్బాల) నెత్తిన కాక చక్రాల నడుమ ఖాళీలో, ఒక బరువైన అడ్డకమ్మీ మీద కూర్చుని కనబడితే అది పోతపోసిన ట్రైమౌంట్ బోగీ. అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ నమూనాగా డీజిల్ ఇంజన్లతోపాటు మన దేశానికి వచ్చి, 1970ల్లో డబ్ల్యూఏఎం-4 కిందికి, 1984 నుంచి డబ్ల్యూఏజీ-5 కిందికి చేరింది. అడ్డకమ్మీ రెండు ఇరుసుల పెట్టెల మీద ఆనుతుంది కనుక పట్టాలో ఒకచోట పల్లం వచ్చి ఒక చక్రం కాస్త దిగినా బరువు పక్క చక్రంతో పంచుకోబడుతుంది. ట్రైమౌంట్ అనడానికి కారణం, ఇంజను శరీరం ఒక్కో బోగీ మీద మూడుచోట్ల ఆనడం: నడిమి పళ్లెం మీద సుమారు 60 శాతం, రెండు పక్క ఆధారాల మీద మిగతాది. ఇరుసుల మధ్య దూరం అసమానంగా ఉండటానికి కారణం మోటార్ల అమరిక. మూడు మోటార్లూ ఒకే దిక్కుకు తిరిగి ఉండవు. ఈ ఏర్పాటు గట్టిది, చవకైనది, షెడ్డు వాళ్లకు అలవాటైనది. వెయ్యికి పైగా డబ్ల్యూఏజీ-5లు దీని మీదే నడిచాయి. బరువైన రేకును కదిలించేటప్పుడు మాత్రం దీని లోపం బయటపడుతుంది. ఆ సంగతి కిందికి వస్తుంది.

స్ప్రింగులు ప్రతి ఇరుసు పెట్టెకూ నేరుగా దానిమీదే నిలిచి, అడ్డకమ్మీ కనబడక, బోగీ చట్రం పోతదిగా కాక పలకలు వెల్డింగు చేసినదిగా నున్నగా కనిపిస్తూ, చట్రానికీ ఇంజను శరీరానికీ మధ్య పొడుగాటి స్ప్రింగులు లేకుంటే అది హై-అడ్హీషన్ బోగీ. 1992లో మొదలైన డబ్ల్యూఏజీ-7 దీని మీద వచ్చింది. శరీరపు బరువు ఇక్కడ నడిమి పళ్లెం మీద పడదు. పక్కనున్న రబ్బరు దిండ్ల మీదే పడుతుంది. నడిమి కొయ్య (బోగీని శరీరానికి కలిపే మధ్య కీలు) లాగడానికీ ఆపడానికీ మాత్రమే ఉపయోగపడుతుంది. మోటార్లన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి.

ఇక చట్రం మీద, శరీరానికి కిందుగా, ఒక్కో పక్కన నిలువుగా నిలబడ్డ పెద్ద పెద్ద స్ప్రింగుల గుంపు కనబడితే, వాటి దగ్గర అడ్డంగానూ ఏటవాలుగానూ నూనె డ్యాంపర్లు (ఊపును అణచే గొట్టాలు) బిగించి ఉంటే, అది ఫ్లెక్సికాయిల్ బోగీ. ఆ ఇంజను డబ్ల్యూఏజీ-9 లేదా దాని ప్రయాణికుల జోడు డబ్ల్యూఏపీ-7. ఆ పెద్ద స్ప్రింగులు రెండు పనులు చేస్తాయి. నిలువుగా బరువు మోస్తాయి. వంపులో బోగీ తిరిగినప్పుడు పక్కకు వంగి, వంపు దాటగానే దాన్ని మళ్లీ దారిలోకి తెస్తాయి. అందువల్ల ఇరుసు నుంచి చట్రానికి ఒక మెట్టు, చట్రం నుంచి శరీరానికి మరో మెట్టుగా రెండు చోట్ల కుదుపు తగ్గుతుంది. డబ్ల్యూఏజీ-9కీ డబ్ల్యూఏపీ-7కీ పైరూపం, బోగీ ఒకే తీరువి, ప్రధానమైన తేడా గేర్లలో ఉంటుంది, గేరు బయటికి కనబడదు. ఇక్కడ మాత్రం పేరు చదవక తప్పదు.

ముందు చక్రం ఎందుకు జారుతుంది

బరువైన ట్రాలీని లాగుతూ ఎక్కుడు ఎక్కే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోవడం పల్లెల్లో అందరూ చూసిందే. ఇంజనులోనూ అదే జరుగుతుంది. కప్లింగు పట్టాకు సుమారు మీటరు పైన ఉంటుంది, లాగే బలం పుట్టేది పట్టా మట్టంలో. ఈ ఎత్తు తేడా వల్ల ఇంజను వెనక్కి కూర్చున్నట్టు అవుతుంది, ముందరి బోగీ తేలికపడుతుంది. అదే పని ఒక్కో బోగీలోపల కూడా చిన్న ఎత్తున జరిగి, ముందరి ఇరుసు మరింత తేలికవుతుంది. దానికి తోడు ప్రతి మోటారూ సగం బరువు ఇరుసు మీద, సగం బరువు చట్రం మీద వేసుకుని ఉంటుంది. చక్రాన్ని తిప్పేటప్పుడు అది చట్రాన్ని ఎదురుదిశలో తోస్తుంది. మోటార్లు వేర్వేరు దిక్కులకు తిరిగివున్న ట్రైమౌంటులో ఈ తోపుళ్లు కొన్ని ఇరుసులను నొక్కి, కొన్నింటిని ఎత్తుతాయి. అత్యంత తేలికపడిన ఇరుసు ముందుగా జారుతుంది, అది జారగానే లోకో పైలట్ శక్తి తగ్గించక తప్పదు. అంటే ఆరు ఇరుసుల ఇంజను సామర్థ్యాన్ని నిర్ణయించేది వాటిలో బలహీనమైన ఒక్కటి.

మోటార్లను ఒకే దిక్కుకు తిప్పి, నడిమి పళ్లెం మీది బరువును పక్కలకు మార్చడం ద్వారా డబ్ల్యూఏజీ-7 ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. డబ్ల్యూఏజీ-9 ఇంకొక అడుగు వేసింది: నడిమి కొయ్యను తీసేసి, బోగీ నుంచి శరీరానికి లాగుడు బలాన్ని పట్టాకు వీలైనంత దగ్గరగా, కింద అడ్డంగా సాగే ఒక కడ్డీ ద్వారా అందించింది. బలం ఎంత కిందుగా అందితే బోగీ అంత తక్కువగా ముక్కు ఎత్తుతుంది.

ఇదే చోట ఇంకొకటి గమనించండి. చివరి చక్రాల ముందు, పట్టాకు కొద్ది అంగుళాల ఎత్తున, చక్రం అంచు వైపుకు వంగిన సన్నని గొట్టం ఉంటుంది. అది ఇసుక గొట్టం. పట్టా తడిసినప్పుడు, మంచు పట్టినప్పుడు, ఆకులు నలిగి జిగురు అంటినప్పుడు గాలి ఒత్తిడితో ఎండిన ఇసుకను చక్రం కిందికి ఊదుతుంది. గొట్టం మూతి పక్కకు వంగివుంటే ఇసుక పట్టా పక్కన పడిపోతుంది. ఎంత ఆధునికమైన ఇంజనులోనైనా ఈ గొట్టం మాత్రం మారలేదు.

పట్టును లెక్కగట్టే తీరు

బోగీ ఎంత బాగా పనిచేస్తుందో ఒక చిన్న భాగహారంతో తెలుసుకోవచ్చు. ఇంజను కదిలేటప్పుడు లాగగల గరిష్ఠ బలాన్ని టన్నుల్లో తీసుకుని, ఇంజను బరువుతో భాగించండి. డబ్ల్యూఏజీ-5కి 33.5ను 118.8తో భాగిస్తే 28 శాతం వస్తుంది. డబ్ల్యూఏజీ-7కి 42ను 123తో భాగిస్తే 34 శాతం. డబ్ల్యూఏజీ-9కి 460 కిలోన్యూటన్లు, అంటే సుమారు 47 టన్నులను 123తో భాగిస్తే 38 శాతం. డబ్ల్యూఏజీ-5కూ డబ్ల్యూఏజీ-9కూ బరువులో తేడా నాలుగు టన్నులు మాత్రమే. లాగుడులో తేడా 13 టన్నులు. నా దృష్టిలో హార్స్‌పవరు కన్నా ఈ అంకే ఇంజను గురించి ఎక్కువ చెబుతుంది.

ఈ టన్నులు దేనికి సరిపోతాయో కూడా చూద్దాం. ఒక్కొక్కటి 81.28 టన్నులు తూగే నిండు వ్యాగన్లు 58 ఉన్న రేకు బరువు 4,700 టన్నులకు కాస్త పైన ఉంటుంది. నూటికి ఒకటి చొప్పున లేచే ఎక్కుడు మీద ఆ రేకు వెనక్కి జారకుండా పట్టి ఉంచడానికే 47 టన్నుల బలం కావాలి. అంటే ఒంటి డబ్ల్యూఏజీ-9 మొత్తం బలం అక్కడికే అయిపోతుంది. కదిలించడానికి ఏమీ మిగలదు. ఎక్కుడులున్న లైన్లలో ఇంజన్లను జంటగా కట్టడానికీ, వెనక నుంచి తోసే బ్యాంకరును తగిలించడానికీ కారణం ఇదే. మీ ఊరి గూడ్సుకు ముందు రెండు ఇంజన్లు కనబడితే, ఆ దారిలో రాబోయే ఎక్కుడును ఊహించవచ్చు.

కొత్తవలస–కిరండూల్ లైను మీది పరీక్షలు

తూర్పు కనుమల మీదుగా అరకు గుండా బైలదిల్లా ఇనుప గనులకు వెళ్లే ఈ లైను 1960ల్లో, జపానుకు ఖనిజం ఎగుమతి చేసే ఒప్పందం నేపథ్యంలో కట్టినది. సుమారు 445 కిలోమీటర్ల పొడవు, యాభైకి పైగా సొరంగాలు, అరవైకి ఒకటి చొప్పున వాలు, గట్టి వంపులు ఉన్న ఈ లైను ఇంజన్లకు పరీక్షగది లాంటిదైంది. ఇక్కడ విచిత్రమేమంటే, ఖాళీ రేకు కొండ ఎక్కుతుంది, నిండు రేకు కొండ దిగుతుంది. లాగడం కన్నా పట్టి ఆపడమే ఇక్కడ పెద్ద పని. అందుకే రెండు మూడు ఇంజన్లను కలిపి కట్టడం, మోటార్లతోనే వేగాన్ని అదుపుచేసే బ్రేకింగు ఈ లైనుకు ప్రాణావసరమయ్యాయి.

1980ల చివర రైల్వే మూడు రకాల ఇంజన్లను, రకానికి ఆరు చొప్పున, 18 తెప్పించి వాల్తేరు షెడ్డుకు ఇచ్చింది. స్వీడనుకు చెందిన ఏఎస్ఈఏ కట్టిన డబ్ల్యూఏజీ-6ఏ, జపాను హిటాచీ కట్టిన డబ్ల్యూఏజీ-6బి, 6సి. మూడూ ఆరు వేల హార్స్‌పవరు పైచిలుకువి, మూడింటిలోనూ మెట్లు మెట్లుగా కాక నున్నగా శక్తిని పెంచే థైరిస్టర్లు ఉండేవి. 6ఏ, 6బి మాత్రం బో-బో-బో, అంటే రెండేసి ఇరుసుల బోగీలు మూడు. 6సి మామూలు కో-కో. రెండు ఇరుసుల చిన్న బోగీ వంపులో సులువుగా తిరుగుతుంది, పట్టాను పక్కకు తక్కువగా తోస్తుంది, చక్రాల అంచు తక్కువగా అరుగుతుంది. ఇబ్బంది నడిమి బోగీతో: వంపులో అది శరీరం కింద బాగా పక్కకు జరగాలి, అందుకు ప్రత్యేకమైన ఆధారాలు కావాలి. మన దేశంలో బో-బో-బో అమరిక ఆ పన్నెండు ఇంజన్లతోనే ఆగిపోయింది. ఈలోగా త్రీఫేజ్ మోటార్లు వచ్చి ప్రశ్ననే మార్చేశాయి. నన్నడిగితే, ఆ పోలికకు దొరికిన సమయం చాలలేదు. విశాఖ కొండలకు చిన్న బోగీ సరిగ్గా సరిపోయేది.

త్రీఫేజ్ వచ్చాక మారింది ఏమిటి

డబ్ల్యూఏజీ-5, డబ్ల్యూఏజీ-7లలో ఉన్నవి డీసీ సిరీస్ మోటార్లు. ట్రాన్స్‌ఫార్మరు మీది ట్యాప్ చేంజరు ఒక్కో మెట్టు ఎక్కుతుంటే వోల్టేజి పెరుగుతుంది. ఇటువంటి మోటారుకు చక్రం జారడం మొదలైతే వేగం అందుకుని ఇంకా జారే స్వభావం ఉంటుంది. త్రీఫేజ్ ఇండక్షన్ మోటారు స్వభావం దీనికి విరుద్ధం: దానికి అందే విద్యుత్ తరచుదనం (ఫ్రీక్వెన్సీ) ఒక వేగాన్ని నిర్ణయిస్తుంది, చక్రం ఆ వేగాన్ని దాటబోతే బలం దానంతటదే పడిపోతుంది. పట్టు తప్పే అంచు దాకా వెళ్లి అక్కడే నిలబడగలగడం అందువల్లే.

1993లో ఏబీబీ కంపెనీతో ఒప్పందం కుదిరి, 1996 నుంచి 22 డబ్ల్యూఏజీ-9లు కొన్ని పూర్తిగా తయారై, మిగతావి విడిభాగాలుగా వచ్చాయి. 1998 నవంబరులో చిత్తరంజన్ తన తొలి డబ్ల్యూఏజీ-9ను ‘నవయుగ్’ పేరుతో తీసింది. 6,120 హార్స్‌పవరు, దిగుడులో తీగకు విద్యుత్తు తిరిగి ఇచ్చే ఏర్పాటు దీని ముఖ్య లక్షణాలు. తర్వాత దిమ్మలు వేసి 132 టన్నులకు పెంచిన డబ్ల్యూఏజీ-9హెచ్ వచ్చింది. ఇంజనుకు కావాలని బరువు చేర్చడం వింతగా తోచవచ్చు గానీ, పట్టు అన్నది బరువును బట్టే వస్తుంది కాబట్టి సరుకు ఇంజనుకు అది లాభమే. ఇరుసు మీద 22 టన్నులు మోయగల పట్టా ఉండటమే అసలు షరతు.

ఈ ఇంజనులో షెడ్డు వాళ్లు కంట్లో వత్తులేసుకుని చూసే విషయం ఒకటుంది. ఒక బోగీలోని మూడు మోటార్లకూ ఒకే కన్వర్టరు (విద్యుత్తును మోటార్లకు తగినట్టు మార్చి ఇచ్చే పరికరం) నుంచి ఒకే తరచుదనం అందుతుంది. కొత్త చక్రం వ్యాసం 1,092 మిల్లీమీటర్లు, పూర్తిగా అరిగినది 1,016. మూడు ఇరుసుల చక్రాలూ వేర్వేరు వ్యాసాల్లో ఉంటే, ఒకే వేగంతో పోతున్న బండిలో చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరగాలి. అప్పుడు ఒక మోటారు మోయాల్సిన దానికన్నా ఎక్కువ, మరొకటి తక్కువ మోస్తుంది. అందుకే చక్రాలను లేతు మీద చెక్కేటప్పుడు బోగీలోని మూడు జతలనూ దాదాపు ఒకే వ్యాసానికి తెస్తారు. ఆగివున్న ఇంజనులో చక్రం రిమ్ము మందాన్ని గమనిస్తే కొత్తదో అరిగినదో కొంత తెలుస్తుంది.

రెండు భాగాల ఇంజను, దాని తర్వాతిది

ఒకే ముఖంతో రెండు పొడుగాటి పెట్టెలు విడదీయరాకుండా జతపడి, ఒక్కో దాని కింద రెండేసి ఇరుసుల బోగీలు రెండు చొప్పున మొత్తం ఎనిమిది ఇరుసులు కనబడితే అది డబ్ల్యూఏజీ-12. బీహారులోని మధేపురాలో ఆల్‌స్టామ్ కంపెనీ, రైల్వే కలిసి పెట్టిన కర్మాగారంలో తయారై, 2020 మే నెలలో సేవలోకి వచ్చింది. 12,000 హార్స్‌పవరు, 180 టన్నులు, 706 కిలోన్యూటన్ల లాగుడు. పైన నేర్చుకున్న భాగహారం చేస్తే 40 శాతం. 72 టన్నుల బలంతో, నూటికి ఒకటి ఎక్కుడు మీద ఆ 58 వ్యాగన్ల రేకును లెక్క ప్రకారం ఒంటిగానే కదిలించగలదు.

గుజరాతులోని దాహోద్‌లో సీమెన్స్ కంపెనీ ద్వారా తయారయ్యే 9,000 హార్స్‌పవర్ల ఇంజను మళ్లీ ఆరు ఇరుసులది. 1,200 ఇంజన్ల ఒప్పందంలో మొదటిది 2025 మే 26న ప్రారంభమైంది. వీటి నిర్వహణకు ఎంచుకున్న నాలుగు చోట్లలో విశాఖపట్నం ఒకటి కాబట్టి, తెలుగు నేల మీద వీటిని చూసే అవకాశం బాగానే ఉంటుంది. శక్తి డబ్ల్యూఏజీ-9కి సుమారు ఒకటిన్నర రెట్లయినంత మాత్రాన ఇది ఒకటిన్నర రెట్ల రేకును కదిలిస్తుందని అనుకోవద్దు. ఆరు ఇరుసులు, 132 టన్నుల బరువు అనుకుంటే పట్టు ఇచ్చే బలం 520 కిలోన్యూటన్ల దగ్గరే ఆగుతుంది. 6,120 హార్స్‌పవరుతో ఆ బలాన్ని గంటకు సుమారు 31 కిలోమీటర్ల వేగం దాకా నిలపగలిగితే, 9,000తో సుమారు 46 దాకా నిలపవచ్చు. ఎక్కువ శక్తి కొనిపెట్టేది వేగాన్ని. బరువు లాగడాన్ని కొనిపెట్టేది ఇరుసులూ బోగీలూనే.

రాత్రిపూట బోగీ కనబడదు గనుక చెవితో పని జరుపుకోవాలి. బండి కదిలేటప్పుడు ఇంజను లోపలి నుంచి కొద్ది క్షణాలకొకసారి ‘టక్’ మని మెట్టు పడుతున్నట్టు వినిపిస్తే అది ట్యాప్ చేంజరు, అంటే డబ్ల్యూఏజీ-5 లేదా 7. స్వరం ఒక్కో మెట్టు మారుతూ పైకి పాకితే అది పాత కన్వర్టర్లున్న డబ్ల్యూఏజీ-9. ఆ పాట లేకుండా సన్నని గీ మనే ఒకే నాదం వినిపిస్తే ఐజీబీటీ అనే కొత్త తరం ఎలక్ట్రానిక్ స్విచ్చుల కన్వర్టర్లు ఉన్న ఇంజను అనుకుని, పక్కన వెళ్లేటప్పుడు ఇరుసుల చప్పుడు లెక్కపెట్టండి: పట్టాల అతుకు మీద మూడూ మూడుగా పడితే ఆరు ఇరుసులది, రెండేసి చొప్పున నాలుగుసార్లు పడితే డబ్ల్యూఏజీ-12.